గ్రహం, ప్రావారం, ఆవరణం: సౌరకుటుంబ, భూగోళ పరిభాషలో పాత మాటల కొత్త బాధ్యతలు

తెలుగు మాధ్యమంలో చదువుకొన్న రెండు మూడు తరాల విద్యార్థులు సౌరకుటుంబంలో తొమ్మిది గ్రహాలున్నాయని వల్లె వేశారు. వారిలో చాలామంది పెద్దవాళ్ల వెంట శివాలయానికి వెళ్లి నవగ్రహ మండపం చుట్టూ ప్రదక్షిణలు చేసినవారే. బడిలోని తొమ్మిదీ గుడిలోని తొమ్మిదీ వేరని విడిగా చెప్పవలసిన అవసరం పాఠ్యపుస్తకానికి గాని ఉపాధ్యాయుడికి గాని అంతగా తోచలేదు. మాట ఒకటే, సంఖ్య ఒకటే కావడంతో రెండూ ఒకటే అన్న భావన చెప్పకుండానే స్థిరపడింది. ఆధునిక ఖగోళ, భూగోళ విజ్ఞానం తెలుగులోకి వచ్చినప్పుడు తన కోసం కొత్త మాటలను పుట్టించుకోవడం కంటే, అప్పటికే మరొక విశ్వచిత్రానికి కట్టుబడి ఉన్న మాటలను తెచ్చుకొని వాటికి కొత్త బాధ్యతలు అప్పగించింది. ఆ అప్పగింత ఎలా జరిగింది, పాత అర్థం ఎక్కడ పూర్తిగా వదిలింది, ఎక్కడ వదలక కొత్త అర్థానికి అడ్డు తగులుతున్నది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. పరిభాష చరిత్రను శాస్త్ర శాఖలు పట్టించుకోవు, సాహిత్య శాఖలు తమది కాదనుకొంటాయి. నిజానికి ఇది పదాల అర్థవిపరిణామానికి సంబంధించిన విషయం కనుక భాషాసాహిత్య పరిశోధకులదే.

తొమ్మిది నుంచి తొమ్మిదికి

గుడిలోని తొమ్మిది: రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. బడిలోని తొమ్మిది: బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో. రెండు జాబితాలకూ ఉమ్మడిగా ఉన్నవి ఐదే. పాత జాబితా నుంచి నాలుగు పోయాయి: సూర్యుడు నక్షత్రమయ్యాడు, చంద్రుడు ఉపగ్రహమయ్యాడు, రాహుకేతువులు భౌతిక వస్తువులు కావని తేలింది. కొత్తగా నాలుగు చేరాయి: భూమి, 1781లో విలియం హెర్షెల్ కనుగొన్న యురేనస్, 1846లో లెవెరియే గణితం ఆధారంగా బెర్లిన్‌లో గాలే చూసిన నెప్ట్యూన్, 1930లో క్లైడ్ టాంబో గుర్తించిన ప్లూటో. నాలుగు పోయి నాలుగు చేరడంతో మొత్తం మారలేదు. దీని వెనుక ఏ నియమమూ లేదు. కేవలం కాకతాళీయం. కాని 1930 నుంచి 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను మరుగుజ్జు గ్రహాల వర్గంలోకి మార్చేదాకా, 76 ఏళ్లపాటు, ఈ కాకతాళీయం తెలుగు పాఠకుడి మనసులో రెండు విశ్వచిత్రాలను ఒకదాని మీద ఒకటి అతికించి ఉంచింది. ఆధునిక విజ్ఞానం చెప్పేదంతా మన పూర్వులకు ముందే తెలుసు అన్న వాదానికి ఈ తొమ్మిది సంఖ్య ఎంత తేలికగా ఒదిగిపోయిందో వేరుగా చెప్పనక్కరలేదు. ప్లూటోను తీసేసి ఎనిమిదే అనడంతో ఆ అతుకు ఊడింది. ఆ రకంగా ప్రాగ్ తీర్మానం తెలుగు పరిభాషకు అనుకోకుండా చేసిన మేలు అది.

అయితే పాత జాబితాను పొరపాటుగా లెక్కవేయడం తగదు. గ్రహ శబ్దానికి మూలమైన ధాతువుకు పట్టుకోవడం అని అర్థం. 'గ్రహించు', 'గ్రహణం', 'ఆగ్రహం' అన్నీ దాని సంతానమే. సిద్ధాంత గ్రంథాల్లో స్థిరంగా కనిపించే నక్షత్రాల నేపథ్యం మీద స్థానం మార్చుకొంటూ కదిలేది గ్రహం. ఆ నిర్వచనం ప్రకారం సూర్యచంద్రులు గ్రహాలే. గ్రీకులు 'తిరుగాడేవి' అని పేరు పెట్టి చేసిన జాబితాలోనూ సూర్యచంద్రులు ఉన్నారు. కంటికి కనిపించే కదలిక ఆధారంగా చేసిన వర్గీకరణ అది. కోపర్నికస్ తరువాతి వర్గీకరణ ఏది దేని చుట్టూ తిరుగుతున్నదన్న దాని మీద ఆధారపడింది. నిర్వచనం మారింది కనుక సూర్యుడు బయటికి పోయాడు, భూమి లోపలికి వచ్చింది. రెండింటిలోనూ భూమి రావడమే పెద్ద మార్పు. గ్రహాలను చూసే వాడు నిలబడిన చోటు పాత జాబితాలో ఉండడానికి వీలే లేదు. 'భూమి ఒక గ్రహం' అన్న చిన్న వాక్యం నేడు మూడో తరగతి పిల్లవాడు కూడా చదువుతాడు. పాతకాలపు సిద్ధాంతికి అది చూసేవాడినీ చూడబడేదాన్నీ తారుమారు చేసిన వాక్యం.

ఈ సందర్భంలో ఆర్యభట పేరు తప్పక వస్తుంది. ఆయన కాలానికి చేరువైన 499ను చెప్పుకొనే ఆర్యభటీయంలో, ఒక మహాయుగంలో సూర్యచంద్రాదుల భగణాల లెక్క ఇచ్చే చోటనే భూమి తూర్పుగా 158,22,37,500 సార్లు తిరుగుతుందన్న లెక్క కూడా ఉంది. భూభ్రమణాన్ని ఇంత స్పష్టంగా అంకెల్లో పెట్టడం అసాధారణమైన సంగతి. వరాహమిహిర, బ్రహ్మగుప్తులు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. కాని తన చుట్టూ తాను తిరగడం వేరు, సూర్యుడి చుట్టూ తిరగడం వేరు. ఆర్యభటీయంలో గ్రహకక్ష్యల అమరికకు కేంద్రం భూమే. ఈ భేదాన్ని పాటించకుండా ఆయనను సూర్యకేంద్ర సిద్ధాంతకర్తగా చెప్పే తెలుగు వ్యాసాలు ఆయన నిజంగా సాధించినదాన్ని పక్కకు నెడుతున్నాయి. లెక్కలో భూమి గ్రహాల సరసన నిలిచింది, కాని గ్రహం కాలేదు.

రాహుకేతువుల సంగతి మరింత చిక్కు. గ్రహణం భూమి, చంద్రుల నీడల వల్లనే అని ఆర్యభట చెప్పాడు. సిద్ధాంతుల గణితంలో చంద్రుడి మార్గం సూర్యుడి మార్గాన్ని ఖండించే రెండు బిందువులకు 'పాత' అని పేరు. ఆ బిందువులు వెనక్కు జరుగుతూ సుమారు 18.6 సంవత్సరాలకు ఒక చుట్టు పూర్తి చేస్తాయి. పంచాంగంలో రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలోనే ఉండడానికి కారణం ఇదే. అంటే గణితంలో వారు బిందువులు, కథలో సర్పశరీరులు, పూజలో విగ్రహాలు. ఒకే పేరు మూడు పనులూ చేస్తూ వచ్చింది. సంస్కృత సమాసాల మధ్య తెలుగు పంచాంగాలు నిలుపుకొన్న 'పట్టు', 'విడుపు' అన్న రెండు మాటలు గ్రహ ధాతువు అర్థాన్ని అచ్చ తెలుగులో సూటిగా చెబుతాయి. 'స్పర్శ', 'మోక్షం' కంటే ఇవి చిన్నవి, స్పష్టమైనవి. అయినా పాఠ్యపుస్తకాలలోకి రాలేదు.

పట్టు స్నానం, విడుపు స్నానం ఆచారంగా ఉన్న ఈ నేల మీదనే సూర్యుడి స్వరూపాన్ని గురించిన ఆధునిక జ్ఞానంలో ఒక ముఖ్యమైన ఘట్టం జరిగింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం గుంటూరు, మచిలీపట్నం, వనపర్తి ప్రాంతాల మీదుగా పోయింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను పరిశీలించి, వాటి గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని గుర్తించి, మర్నాడే చూశాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్, వనపర్తిలో అదే వేధశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి బృందం పరిశీలనలు చేశారు. ఆ జ్వాలల వర్ణపటంలోని పసుపు గీత సోడియానిది కాదని తరువాత తేలింది. ఇంగ్లండులో లాకియర్ చేసిన పని వల్ల దానికి కారణమైన మూలకానికి గ్రీకు సూర్యుడి పేరిట హీలియం అన్న పేరు వచ్చింది. గుంటూరులోనే హీలియం కనుగొన్నారన్న ప్రచారం కొంత కుదించి చెప్పిన మాట. కాని సూర్యుడు మండే వాయువుల గోళం, దాని పదార్థాన్ని ఇక్కడ నిలబడి పరీక్షించవచ్చు అన్న భావనకు ఆ రోజు ఊతమిచ్చిందన్నది నిజం. పట్టబడిన సూర్యుడు పరీక్షకు దొరికిన సూర్యుడయ్యాడు.

రఘునాథాచారి ప్రస్తావన పరిభాష చరిత్రకు ముఖ్యం. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా సాగే సంఘటన గురించి ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. అది దేశభాషల్లో కూడా వెలువడింది. సంప్రదాయ సిద్ధాంతికీ కొత్త ఖగోళవేత్తకూ మధ్య సంభాషణగా దాన్ని నడపడంలో ఆయన వివేకం కనిపిస్తుంది. శ్రోతకు ఇప్పటికే గ్రహం, గ్రహణం, కక్ష్య అన్న మాటలు తెలుసు. వాటిని తీసివేయకుండా, ఒక్కొక్కదాని అర్థాన్ని సంభాషణలోనే జరుపుకొంటూ పోవాలి. తరువాతి పాఠ్యపుస్తక రచయితలు ఈ జరుపుడును వదిలేసి ఫలితాన్ని మాత్రమే నిర్వచనంగా ఇచ్చారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో 1840 ప్రాంతంలో నెలకొల్పిన వేధశాల, హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ ప్రారంభించిన నిజామియా వేధశాల ఈ చరిత్రలో చెప్పుకోదగినవే. అయితే వాటి పని ప్రధానంగా ఇంగ్లీషులో సాగింది.

వీరేశలింగం శాస్త్రవిషయాలపై రాసిన చిన్న గ్రంథాల్లో జ్యోతిశ్శాస్త్రం కూడా ఉంది. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలనూ తెలుగులోకి తేవడాన్ని లక్ష్యంగా పెట్టుకొంది. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 'అ'కారం దాటకుండానే 1923లో ఆయన మరణంతో ఆగిపోయింది. వర్ణక్రమంలో 'గ్ర' దాకా, 'భూ' దాకా ఆ పని సాగి ఉంటే పరిభాష మరికొంత ముందుగా కుదురుకొని ఉండేది. కొత్త గ్రహాలకు పేర్లు పెట్టడంలో వచ్చిన తడబాటు అందుకు ఒక ఉదాహరణ. వైదిక వరుణుడికీ గ్రీకు ఔరానోస్‌కూ శబ్దసామ్యం ఉందన్న 19వ శతాబ్ది తులనాత్మక భాషాశాస్త్రజ్ఞుల ఊహ ప్రకారం యురేనస్‌ను వరుణుడనవచ్చు. సముద్రాధిపతి అన్న లెక్క ప్రకారం నెప్ట్యూన్‌నే వరుణుడనాలి. హిందీ రెండో దారిని పట్టి, యురేనస్‌ను అరుణ్ చేసింది. తెలుగులో కొందరు మొదటి దారి పట్టారు. ఇలా ఒకే దేవుడు రెండు భాషల్లో రెండు గ్రహాల మీద కూర్చున్నాడు. చివరికి యురేనస్, నెప్ట్యూన్ అన్న పేర్లే తెలుగులో నిలబడడం మంచిదే అయింది. పాత బరువు లేని మాటలు కనుక అవి ఎవరినీ తప్పుదారి పట్టించలేదు.

కనిపించని పొరలు

ఆకాశం కనిపిస్తుంది, భూగర్భం కనిపించదు. మనిషి తవ్విన అతి లోతైన రంధ్రం, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనిది, 12 కిలోమీటర్లకు కొద్దిగా మించి ఆగిపోయింది. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. లోపలి సంగతి తెలియనంతకాలం ఆ చోటును అతలం నుంచి పాతాళం దాకా ఏడు లోకాలు ఆక్రమించాయి. ఆంధ్ర మహాభాగవతం పంచమ స్కంధం తెలుగులో ఈ భువనకోశానికి ప్రధాన ఆకరం. దాన్ని తెలిగించినవాడు పోతన కాక గంగన అన్నది సాహిత్య విద్యార్థులు కూడా కొన్నిసార్లు మరిచిపోయే విషయం. ఆ ఏడూ లోకాలే గాని పొరలు కావు. అవి నివాసస్థానాలు. అక్కడ నాగులు, దైత్యులు ఉంటారు, మణుల వెలుగు ఉంటుంది. నేలను పదార్థంగా చూసే దృష్టి ఆ వర్ణనకు అవసరం లేదు. శ్రీశైలంలో వందల మెట్లు దిగి చేరే కృష్ణా రేవును పాతాళగంగ అన్నప్పుడు ఆ మాటకు లోతు మాత్రమే అర్థం. భూమి లోపలి పొరలకు పేర్లు పెట్టినవారు తల, రసాతల శబ్దాల జోలికి పోకపోవడం గ్రహ శబ్దం విషయంలో చూపని జాగ్రత్త.

ఇక్కడ కాలక్రమం ఒకటి గమనించదగింది. 1897 జూన్ 12న అస్సాం ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున అధ్యయనం చేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్, దూరదేశాల యంత్రాల్లో నమోదైన తరంగాలను విడదీసి చూసి, 1906లో భూమికి విడిగా ఒక కేంద్రభాగం ఉందని వాదించాడు. 1909లో క్రొయేషియా భూకంపం ఆధారంగా మొహరోవిచిచ్ పైపొర అడుగుకు హద్దు గీశాడు. కేంద్రభాగం సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని 1913 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ లెక్కకట్టాడు. ఆ కేంద్రంలో మరో గట్టి గోళం ఉందని 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగే లేమన్ చూపింది. ఓల్డ్‌హామ్ పత్రం వెలువడిన 1906 విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిన సంవత్సరం కూడా. అంటే ఈ విషయంలో తెలుగు శాస్త్రరచన ఇంగ్లీషు కంటే శతాబ్దాలు వెనుకబడి లేదు. ఇంగ్లీషుకూ ఆ వస్తువు అప్పుడే తెలుస్తున్నది, దానికి మాటలు అప్పుడే కుదురుతున్నాయి. ఆకాశం విషయంలో పాత మాటలు అడ్డువచ్చాయి. భూగర్భం విషయంలో చోటు ఖాళీగా ఉంది.

ఆ ఖాళీని నింపిన మాటలు భూపటలం, భూప్రావారం, కేంద్రమండలం. 'ప్రావారం' అంటే సంస్కృతంలో పైన కప్పుకొనే వస్త్రం. జర్మన్ శాస్త్రజ్ఞుడు వీషెర్ట్ 19వ శతాబ్ది చివర ఇనుప కేంద్రాన్ని కప్పిన రాతి భాగాన్ని జర్మన్‌లో 'కోటు' అనే అర్థమిచ్చే మాటతో పిలిచాడు. అది ఇంగ్లీషులో మాంటిల్ అయింది. తెలుగు పరిభాషాకర్తలు ఆ వస్త్రాన్ని వస్త్రంగానే ఉంచి ప్రావారం అన్నారు. ఉపమానాన్ని గుర్తించి అనువదించడం మెచ్చదగిన పని. కాని ఆ మాట విన్న తెలుగు విద్యార్థికి వస్త్రం స్ఫురించదు. దుప్పటి, కంబళి అని ఉంటే స్ఫురించేది. ఉపమానం మిగిలింది, అది పలికే చోటు పోయింది. 'పటలం' పరిస్థితి కొంత మెరుగు. కన్ను లోపలి పొరకు నేత్రపటలం అన్న పేరు ఉండడంతో పలుచని పొర అన్న భావం అందుతుంది. పటలం మందం సముద్రాల అడుగున 5 నుంచి 10 కిలోమీటర్లు, ఖండాల కింద సగటున 35, హిమాలయాల వంటి పర్వతాల కింద 70 దాకా. మొత్తం వ్యాసార్ధంతో పోలిస్తే కోడిగుడ్డుకు పెంకు కంటే కూడా ఇది పలుచన. 'పెంకు' అన్న మాట అందుబాటులో ఉండగా దాన్ని తీసుకోకపోవడం వెనుక, శాస్త్రమంటే సంస్కృత సమాసమే అన్న అలవాటు తప్ప మరో కారణం కనిపించదు. 'కేంద్రమండలం' విషయంలో చిక్కు మరొకటి. మండలం వలయాన్ని, బింబాన్ని చెబుతుంది గాని గోళాన్ని చెప్పదు. పైగా 1985 తరువాతి పరిపాలనా విభజన వల్ల మండలం అనగానే తహసీల్దారు కార్యాలయం గుర్తుకు వస్తుంది.

పేర్ల కంటే ఎక్కువ నష్టం చేసింది ప్రావారాన్ని మరిగే శిలాద్రవంగా వర్ణించే అలవాటు. ప్రావారం చాలావరకు ఘనపదార్థమే. లక్షల ఏళ్ల కాలమానంలో అది మెల్లగా ప్రవహిస్తుంది. నిజంగా ద్రవంగా ఉన్నది 2,900 నుంచి సుమారు 5,150 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న బాహ్య కేంద్రమండలం. ద్రవంలో సాగలేని ద్వితీయ తరంగాలు అక్కడ ఆగిపోవడమే అందుకు సాక్ష్యం. వస్త్రం అన్న మూలార్థం తెలిసి ఉంటే, ద్రవాన్ని ఎవరూ కప్పుకోరన్న సందేహం కనీసం ఒక విద్యార్థికైనా వచ్చేది.

ఆవరణం

భూమి బయటి పొరల పేర్లు మరొక దారిన వచ్చాయి: శిలావరణం, జలావరణం, వాతావరణం, జీవావరణం. ఇంగ్లీషులో వీటన్నిటి చివరా ఉన్నది గోళం అన్న అర్థమిచ్చే గ్రీకు మాట. హిందీ దానికి 'మండల్'ను తీసుకొని వాయుమండల్, జలమండల్ అన్నది. మరాఠీ మాత్రం తెలుగు లాగానే శిలావరణ్, జలావరణ్, వాతావరణ్, జీవావరణ్ అంటుంది. నాగపూరులో చదివి మరాఠీలో కూడా రచనలు చేసిన కొమర్రాజు వంటివారు ఈ రెండు భాషల మధ్య వంతెనలుగా ఉన్న మాట నిజమే గాని, రెండు భాషలూ ఒకే సంస్కృత నిధి నుంచి తీసుకొన్నాయి కనుక సామ్యం ఒక్కటే అరువుకు రుజువు కాదు.

ఆవరణ శబ్దానికి పురాణాల్లో స్థిరమైన స్థానం ఉంది. బ్రహ్మాండాన్ని నీరు, అగ్ని, వాయువు, ఆకాశం మొదలైన ఆవరణాలు ఒకదాని మీద ఒకటిగా చుట్టి ఉంటాయని, ప్రతి ఆవరణం లోపలి దానికి పది రెట్లని విష్ణుపురాణం, భాగవతం చెబుతాయి. గుడ్డును చుట్టిన పొరలన్న ఆ చిత్రమే ఆధునిక పరిభాషకు రూపం ఇచ్చింది. లెక్క మాత్రం తిరగబడింది. పురాణంలో బయటికి పోయేకొద్దీ ఆవరణం పది రెట్లు పెరుగుతుంది. భూమి మీద పైకి పోయేకొద్దీ గాలి పలుచనవుతుంది, దాదాపు ప్రతి ఐదున్నర కిలోమీటర్లకు పీడనం సగమవుతుంది. వానలు, మేఘాలు దాదాపు అన్నీ భూమధ్యరేఖ వద్ద 16 నుంచి 18 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద సుమారు 8 కిలోమీటర్ల ఎత్తున్న అడుగు పొరలోనే. ఆ పొరకు ట్రోపోఆవరణం, దాని పైదానికి స్ట్రాటోఆవరణం అని పేర్లు స్థిరపడ్డాయి. సగం గ్రీకు, సగం సంస్కృతం అయిన ఈ సంకరపదాలను శుద్ధవాదులు ఒప్పుకోకపోవచ్చు గాని, వాటిలో ఏ భాగం కొత్తదో ఏది తెలిసినదో విద్యార్థికి వెంటనే తెలుస్తుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాల ద్వారా ఇలాంటి పదాలు కళాశాల స్థాయికి చేరాయి. జనం కోసం రాసిన మహీధర నళినీమోహన్ 'గ్రహణాల కథ' అని పేరు పెట్టినప్పుడు, తోకచుక్క, వేగుచుక్క అన్న మాటలు శాస్త్రానికి పనికిరానివి కావన్న ధోరణికి బలం చేకూరింది. ఈ రెండు ధోరణులకూ మధ్య రావలసిన సంభాషణ ఇంకా జరగలేదు.

వాతావరణం అన్న మాట ఈ సమూహంలో అన్నిటికంటే విజయవంతమైనది, అందుకే అన్నిటికంటే ప్రమాదకరమైనది. శిలావరణం పరీక్ష దాటి బయటికి రాలేదు. వాతావరణం ఇంటింటికీ వచ్చింది. సభలో వాతావరణం వేడెక్కుతుంది, ఇంట్లో వాతావరణం బాగుండదు, వాతావరణ శాఖ వాన చెబుతుంది. భూమిని చుట్టిన గాలి పొర, ఈ పూట ఉన్న ఎండవానల స్థితి, మనుషుల మధ్య ఉన్న మనోభావం మూడూ అందులోనే ఇమిడాయి. దీర్ఘకాలిక సగటు స్థితికి భూగోళశాస్త్రం శీతోష్ణస్థితి అన్న మాటను ఏనాడో కేటాయించింది. పత్రికలు దాన్ని పక్కన పెట్టి 'వాతావరణ మార్పు' అనే రాస్తున్నాయి. రేపటి వాన గురించిన వార్త, రాబోయే యాభై ఏళ్ల ఉష్ణోగ్రత గురించిన వార్త ఒకే మాట కింద పక్కపక్కన అచ్చవుతాయి. ఈ ఏడు చలి ఎక్కువగా ఉంది, ఇంక వేడెక్కడమేమిటి అని అడిగే పాఠకుడిని తప్పుపట్టడానికి లేదు. మాటే అతడికి ఆ ప్రశ్నను అందించింది.

'చంద్రుడికి వాతావరణం లేదు' అన్న పాఠ్యపుస్తక వాక్యం గాలిపొర అన్న అర్థంలో దాదాపుగా నిజం, ఎండవానల స్థితి అన్న అర్థంలోనూ నిజమే. అందువల్ల చంద్రుడి దగ్గర చిక్కు బయటపడదు. శుక్రుడి దగ్గర బయటపడుతుంది. అక్కడి గాలిపొర భూమి మీది కంటే సుమారు 90 రెట్లు పీడనం గలది, నేల మీద ఉష్ణోగ్రత 460 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం, రాత్రికీ పగటికీ పెద్ద తేడా ఉండదు. దాన్ని చెప్పబోయి 'శుక్రుడి వాతావరణం చాలా దట్టమైనది, అక్కడి వాతావరణంలో మార్పు ఉండదు' అని రాస్తే, మొదటి వాతావరణం గాలి, రెండోది స్థితి. వాక్యం రాసినవాడికి ఆ తేడా తెలుసు, చదివేవాడికి తెలియడానికి ఆ వాక్యంలో ఆధారం లేదు.